కూత తెగని పిల్ల

నూకరత్నం చేతికి బంతి చిక్కితే ఇక జట్టులో ఎవరికీ దక్కదు. ఆమె గొప్పా అదే, తంటా అదే.

భీమిలికి అవతల ఓ పాలెం పిల్ల. పదేళ్ల వయసు నుంచీ చెడుగుడు ఆడింది. కూత పెట్టి గీత దాటిందంటే అవతలి ఏడుగురూ తలో దిక్కుకీ చెదిరేవారు. ఊపిరి తెగకుండా కూత పట్టడంలో ఆ తీరం మొత్తం మీద ఆమె తర్వాతే ఎవరైనా. "కూత తెగని పిల్ల" అనే పేరు అలా వచ్చింది.

ఆర్నెల్ల కిందట సామ్రాజ్యం టీచరు ఆ పరుగు చూసి ఆమెను రగ్బీకి తీసుకొచ్చింది. ఈ ఆటలో బంతి కోడిగుడ్డులా ఉంటుంది. చంకలో ఇరికించుకుని ముందుకు పరిగెత్తొచ్చు గానీ, చేత్తో ముందుకు విసరకూడదు. ఇవ్వాలంటే వెనక వచ్చే మనిషికే ఇవ్వాలి. అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే పాయింట్లు.

ఆట మారినా రత్నం కూత మానలేదు. బంతి అందగానే పెదాల మీద "చెడుగుడు చెడుగుడు" మొదలయ్యేది. అలాగే పరిగెత్తేది. ముగ్గురు కలిసి పడేసేవాళ్లు. బంతి పోయేది.

మర్నాడు జిల్లాలో సెలెక్షను, వెళ్లాల్సింది ఏడుగురు. టీచరు దగ్గరున్న కాగితం మీద ఆరు పేర్లు రాసి ఉన్నాయి. ఏడోది ఖాళీ. "ఈసారి నీ పేరు లేకపోతే రొయ్యల షెడ్డుకొచ్చీయాల," అని రత్నం తల్లి పొద్దున్నే తేల్చి చెప్పింది. ఐసు నీళ్లలో వేళ్లు మొద్దుబారేదాకా తొక్కలు ఒలిచిన ఆడవాళ్లని అడగండి, ఆ ఖాళీ ఎంత పెద్దదో చెప్తారు.

ఆ సాయంత్రం తడి ఇసక మీద ఆడుతూ రత్నం మళ్లీ అలాగే పడింది. బంతి మళ్లీ పోయింది.

కాసులమ్మ ఆమె జట్టే. ఒంటికంటిన ఇసక దులుపుకుంటూ మీదికొచ్చింది. "ఏటే రత్నం, సెవుడా నీకు? గొంతు సిరిగిపోయీలా పిలిసినాను!"

"నువ్వా? ఎవులూ పిలవనేదు. నాను పడిపోయాక వస్తారు మీరు, సోద్దానికి."

"అమ్మోరి తోడు, పిలిసినాను!"

"పిలిస్తే నాకినబడదా?"

రత్నం టీచరు వైపు తిరిగింది. కళ్ల నిండా నీళ్లు. "మీరే సెప్పండి మేడం. ఎనకాల ఎవులూ నేకపోతే బంతి ఎవులికిచ్చేది?"

తోటి పిల్లలు దాన్ని పొగరనుకునేవారు. పొగరు కాదు. ఒంటరిగా అవతలి గీతలోకి వెళ్లి, ఒంటరిగా బతికి బయటపడ్డ మనిషికి, తన వెనక ఎవరో ఉంటారన్న ఊహే రాదు. అలా బతకని వాళ్లు దానికి ఏ పేరైనా పెడతారు.

ఇంతసేపూ టీచరు చూసింది రత్నం కాళ్లని కాదు, పెదాలని. సంచీలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చింది.

రత్నం గటగటా తాగింది.

"తాగమన్నానా? పుక్కిట పట్టు. మింగకు, ఉమ్మకు. అలాగే పరిగెత్తు."

"కూత లేకపోతే నాకు కాళ్లాడవు మేడం."

"పట్టవే."

కాసులమ్మ పకపకా నవ్వింది. "దీని నోరు ముయ్యడానికి ఆ సీసా ఏం సాలుద్ది మేడం, సముద్రం పొయ్యాల!"

రత్నం బుగ్గలు ఉబ్బాయి. ఈల మోగింది. బంతి అందింది. పెదాలు అలవాటుగా కదలబోయాయి. నీళ్లు అడ్డుకున్నాయి.

నోరు మూసుకుని పరిగెత్తడం ఆమెకి జీవితంలో అదే మొదలు.

ముందు సముద్రం వినబడింది. ఆ తర్వాత తన ఊపిరి. ఆ వెనక, తడి ఇసక మీద దబదబా ఇంకెవరివో అడుగులు. ఎడమ పక్క. బాగా దగ్గరగా.

"రత్నం! ఎడం!"

గొంతు నిజంగానే చిరిగిపోయి ఉంది.

"ఎడమే!"

ఎదురుగా ముగ్గురు కమ్ముకొస్తున్నారు.

"రత్నం, ఉన్నానే!"

ఆమె తల తిప్పలేదు. చేతులే ఎడమకి తిరిగాయి. బంతి అటు పోయింది. మరుక్షణం ముగ్గురూ మీద పడ్డారు. మొహం ఇసకలో కూరుకుపోయింది. బుగ్గల్లో నీళ్లు మాత్రం చుక్క జారలేదు. తలెత్తి చూసేసరికి కాసులమ్మ గీత అవతల బంతిని నేలకి ఆనించి, దాని చుట్టూ గెంతులేస్తోంది.

సామ్రాజ్యం టీచరు అరిగిన మోకాలు ఈడ్చుకుంటూ వచ్చి రత్నం పక్కన ఇసకలో కూలబడింది.

"ఎన్నిసార్లు పిలిచిందే?"

రత్నం బుగ్గల నిండా నీళ్లతో మూడు వేళ్లు చూపించింది.

"రోజూ అన్నిసార్లే."

టీచరు కాగితం మోకాలి మీద పరిచి ఏడో పేరు రాసింది. రత్నం ఆ కాగితం వైపు చూడనే లేదు. గీత దగ్గర గెంతుతున్న కాసులమ్మనే చూస్తోంది.

"ఇక మింగు," అంది టీచరు.