కోట కాచిన దాలయ్య, కోళ్లు పెంచిన దాలయ్య

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలలో ఊగుతున్న కాలంలో, కొండల నడుమ రేగులకోట అనే చిన్న రాజ్యం ఉండేది. ఆ కోట పెద్ద వాకిలికి కావలివాడు దాలయ్య. నిలువెత్తు మనిషి. గొంతు విప్పితే నగారా మోగినట్టుండేది. దాలయ్య "ఆగు" అంటే మదమెక్కిన ఏనుగు కూడా ఆగుతుందని జనం చెప్పుకునేవారు.

వయసు మీద పడి దాలయ్య కొలువు విడిచిన రోజున రాజుగారు అతణ్ణి పిలిపించారు.

"ఇన్నేళ్లు మమ్మల్ని కాచావు. ఏం కావాలో అడుగు."

ఆ ఏడు వానల్లో దాలయ్య భార్య పోలమ్మకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరమైతే పోయింది గానీ ఒంట్లో సత్తువ కూడా దానితోనే పోయింది. మంచం దిగితే కళ్లు తిరిగేవి. రోజుకో గుడ్డు తినిపించమని వైద్యుడు చెప్పాడు.

అందుకే దాలయ్య మడిమాన్యాలు అడగలేదు. "నాలుగు కోడిపెట్టలు, ఒక పుంజు ఇప్పించండి ప్రభూ" అన్నాడు.

రాజుగారికి నవ్వొచ్చింది. "ఎప్పుడైనా పెంచావా?"

"లేదు ప్రభూ. కోటనే కాచినవాణ్ణి, కోళ్లగూడు కాయలేనా?"

రాజుగారు సరేనన్నారు. గంపలో కోళ్లతో దాలయ్య తన ఊరు చేరాడు.

అతని ఇంటి పక్కన సూరమ్మ అనే ఆవిడ ఉండేది. ఆమె పెరట్లో ఎప్పుడు చూసినా కోళ్లు కళకళలాడుతూ తిరిగేవి. గంప దించుతున్న దాలయ్యను కంచె మీంచి చూసి, "కోళ్లు తెచ్చావా అన్నయ్యా? ఏమన్నా కావాలంటే అడుగు" అంది.

"ఏం అక్కర్లేదమ్మా" అన్నాడు దాలయ్య. కోట వాకిట నిలబడి అందరినీ నిలదీసిన నోరు అది. ఒకరిని అడిగి తెలుసుకోవడం ఆ నోటికి అలవాటు లేదు.

దాలయ్య గూడు కట్టాడు. రాయి మీద రాయి పేర్చి, మట్టి మెత్తి, చిన్న తలుపు పెట్టి, దానికి పెద్ద గడియ బిగించాడు. పాము దూరే సందు గానీ, ముంగిస దూరే కంత గానీ లేకుండా చూశాడు. పొద్దు వాలగానే కోళ్లను లోపలికి తోసి గడియ వేశాడు. "ఇప్పుడు ఎవడొస్తాడో రమ్మను" అని మీసం దువ్వుకున్నాడు.

ఎవడూ రాలేదు. గాలి కూడా రాలేదు.

పగలు కూడా బయటికి వదలకపోవడంతో కొన్నాళ్లకే గూడు లోపల రెట్ట కంపు ముక్కు బద్దలు కొట్టింది. కోళ్ల కళ్లు నీరు కారాయి. ఒక ఉదయం తలుపు తీస్తే అన్నీ నోళ్లు తెరుచుకుని ఆయాసపడుతున్నాయి. ఒక పెట్ట మాత్రం మూల కదలకుండా పడి ఉంది. దాలయ్య దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. దాని ఒళ్లు చల్లబడిపోయి ఉంది.

దాలయ్య గునపం పట్టుకొచ్చి, తాను కట్టిన గోడనే పైభాగాన పొడిచాడు. ఆ కంతలకు వెదురు తడికలు కట్టాడు. రెట్ట తీసి పారేసి నేలంతా పొడి బూడిద చల్లాడు. మిగిలిన కోళ్లు తేరుకున్నాయి.

"లోపల పెట్టడమే నా తప్పు. కోడన్నది తిరిగే జీవం" అనుకున్నాడు దాలయ్య. మర్నాడు పొద్దున్నే తలుపు బార్లా తీసి కోళ్లను ఊరి మీదికి వదిలేశాడు.

సందెవేళ అయింది. సూరమ్మ కోళ్లు ఒకదాని వెనుక ఒకటి వాటంతట అవే గూటికి చేరుతున్నాయి. దాలయ్య కోళ్లు మాత్రం చింతచెట్టు కింద గుంపుగా నిలబడి, ఎటు పోవాలో తెలియక మెడలు నిక్కించి చూస్తున్నాయి. వచ్చి ఎన్నాళ్లయిందని. గూటి లోపలి చీకటి తప్ప బయటి దారి వాటికి తెలిసిందేముంది.

"గూట్లోకి పదండి" అని దాలయ్య కోట వాకిటి గొంతుతో అరిచాడు.

ఆ అరుపుకు ఊళ్లో కుక్కలు మొరిగాయి. కోళ్లు బెదిరి తలో దిక్కుకు ఎగిరిపోయాయి. దాలయ్య కర్ర పట్టుకుని కంపలో, బురదలో పరుగులు తీశాడు. పుంజు దొరికింది. నల్లపెట్ట దొరికింది. పొడలపెట్ట దొరికింది. ఎర్రపెట్ట దొరకలేదు. తెల్లవారి చూస్తే కంపల మొదట్లో ఎర్రటి ఈకలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. బావురుపిల్లి పని.

మంచం మీద నుంచే పోలమ్మ అంతా వింది. దాలయ్య వచ్చి కూర్చున్నాక నెమ్మదిగా అంది.

"ఏమయ్యా, నువ్వు అరిస్తే అవి పారిపోతాయి గానీ దగ్గరికి ఎందుకొస్తాయి? నా మంచం అరుగు మీద వెయ్యి. గింజలు నేను చల్లుతాను. కొన్నాళ్లు వాటిని గూడు ముందే దడి కట్టి ఉంచు. ఇది తమ ఇల్లని వాటికి తెలియొద్దూ?"

దాలయ్య అలాగే చేశాడు. పోలమ్మ అరుగు మీద కూర్చుని, సందెవేళకు "బా, బా" అని పిలుస్తూ గూటి ముందు నూకలు చల్లేది. కొన్నాళ్లకు దడి తీసేశారు. ఆ సాయంత్రం కోళ్లు పెరడంతా తిరిగి, పోలమ్మ గొంతు వినగానే వచ్చి గూట్లోకి నడిచాయి. పెట్టలు రెండూ గుడ్లు పెట్టడం మొదలెట్టాయి. పోలమ్మ బుగ్గల్లోకి కాస్త రంగొచ్చింది.

చలికాలం ముదిరింది. ఉన్నట్టుండి గుడ్లు ఆగిపోయాయి.

పెట్టలు రెండూ మేత మేస్తున్నాయి, తిరుగుతున్నాయి. గుడ్డు మాత్రం లేదు. పైగా ఈకలు కుప్పలుగా రాలుతున్నాయి. నల్లపెట్ట మెడ బోడి అయిపోయింది. పొడలపెట్టకు తోకే లేకుండా పోయింది.

ఆ దారిన పోతున్న, కోళ్లు కొని అమ్ముకునే ఒక బేహారి వాటిని చూసి ఆగాడు. "ఇవి ముసలివైపోయాయి బాబూ. వీటికి గింజలు దండగ. నాకిచ్చెయ్యి, కూరకైనా పనికొస్తాయి. పొద్దు వాలేలోగా ఇదే దారిన తిరిగొస్తాను, కాళ్లు కట్టి ఉంచు."

దాలయ్య తాడు తీశాడు. నల్లపెట్ట పారిపోలేదు. ఇప్పుడది అతనికి మాలిమి అయింది. చేతిలో గింజలున్నాయేమోనని వేళ్లు పొడిచి చూసింది. దాని రెక్కల కింద వెచ్చదనం అతని అరచేతికి తగిలింది. ఆనాటి ఉదయం గూట్లోంచి చేతుల్లోకి తీసుకున్న ఆ చల్లటి ఒళ్లు గుర్తొచ్చింది.

తాడు కింద పడేశాడు. పెట్టను చంకన పెట్టుకుని కంచె దగ్గరికి నడిచాడు. కొంతసేపు నిలబడ్డాడు. చివరికి అన్నాడు.

"సూరమ్మా, నాకు తెలియడం లేదు. దీనికేమైందో చెప్పమ్మా."

సూరమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. చేట పక్కన పెట్టి వచ్చి, పెట్ట మెడ మీద చేత్తో నిమిరింది.

"ఇదిగో, వేలు పెట్టి చూడన్నయ్యా. ముళ్లలా తగలడం లేదూ? కొత్త ఈకలు. పాత ఈక రాల్చి కొత్త ఈక తొడుక్కుంటోంది. తిన్నదంతా దానికే పోతుంది, ఇక గుడ్డెక్కడ పెడుతుంది? చలి విరిగాక పెడుతుంది."

"నీకు ఇదంతా ఎవరు చెప్పారు?"

"ఎవరినీ అడగలేదు. అడగకే నా తొలి కోళ్లలో ఒక్కటీ మిగల్లేదు. ఇలా ఈక రాల్చిన దాన్ని నేను కోసి వండేశాను కూడా." సూరమ్మ లోపలికి వెళ్లి గుడ్లు తెచ్చి అతని పైపంచెలో పోసింది. "వదినకి పెట్టు. నీ పెట్టలు మొదలెట్టేదాకా వచ్చి తీసుకెళ్తూ ఉండు."

సాయంత్రం బేహారి వస్తే దాలయ్య ఇవ్వనని చెప్పి పంపేశాడు.

చలి విరిగింది. పెట్టలకు నిగనిగలాడే ఈకలొచ్చాయి. ఒక ఉదయం దాలయ్య ఏటికి పోయి కావిడితో నీళ్లు తెస్తున్నాడు. వాకిట్లోకి వచ్చేసరికి అరుగు మీద మంచం ఖాళీగా ఉంది. కావిడి దించేసి పెరట్లోకి పరుగెత్తాడు.

పెరటి చివర గడ్డివామి పక్కన పోలమ్మ నిలబడి ఉంది. ఒక చెయ్యి గోడకు ఆన్చుకుంది. రెండో చేతిలో గుడ్డు ఉంది. ఆమె కాళ్ల చుట్టూ నల్లపెట్ట ఊరంతా వినేలా అరుస్తూ తిరుగుతోంది.

"ఇది ఒకటే కేకలు. ఏమిటా అని లేచి వచ్చాను" అంది పోలమ్మ. "ఇలా పట్టుకుని చూడు, ఇంకా వెచ్చగా ఉంది."

ఆమె ఎవరి సాయం లేకుండా అంతదూరం నడిచిందని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. దాలయ్య గుడ్డు అందుకోలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆ తరువాత వాళ్ల పెరట్లో కోళ్లు పిల్లాపాపలతో పెరిగాయి. ఊళ్లో ఎవరు కొత్తగా కోళ్లు తెచ్చుకున్నా దాలయ్యే వెళ్లి, తన గూటి కథ మొదటి నుంచీ దాచకుండా చెప్పి వచ్చేవాడు.

కాబట్టి పిల్లలూ, ప్రాణమున్న దాన్ని పెంచాలంటే అధికారం చాలదు, తెలియనిది అడిగే అణకువ, ఆగి చూసే ఓర్పు ఉండాలి.