వాగుగట్టున తీతువు

శివబోధయ్యగారికి కూర్చుని బోధ చెయ్యడం చేతకాదు. ఎవరు ఏ సందేహం తెచ్చినా "పద, అలా నడిచొద్దాం" అనడం ఆయన అలవాటు. ఆశ్రమం వెనకే జిల్లేడువాగు పారుతుంది. ఆ గట్టు పొడుగునా చెట్లు నాటి, కాలిబాట వేసి, అక్కడక్కడా బల్లలు వేయించారు. పొద్దున్నే పట్నం నుంచి జనం వస్తారు. కొందరు పొట్ట తగ్గించుకోవడానికి, కొందరు మెళ్లో బైనాక్యులర్ వేలాడేసుకుని పిట్టల్ని చూడడానికి. మొదటి రకంవాళ్లకు పిట్టలు కనబడవు. రెండో రకంవాళ్లకు ఎదురొచ్చే మనుషులు కనబడరు. అయ్యగారు ఇద్దరికీ దారిచ్చి నడుస్తారు.

ఆ ఉదయం శిష్యుడు అప్పలసూరి ముఖంలో నెత్తురుచుక్క లేదు. అతని చెల్లెలు గౌరి నొప్పులొచ్చి ఆస్పత్రిలో చేరింది. అంతకుముందు రెండు కాన్పులూ దక్కలేదు. ఫోను చేస్తానన్న బావ ఇంకా చెయ్యలేదు. అది చాలదన్నట్టు, వారం రోజులుగా తెల్లవారేసరికి ఆశ్రమం మీదుగా తీతువుపిట్ట ఒకటే కూత. తీతువు కూస్తే ఇంట్లో ఎవరికో మూడినట్టేనని చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ చెప్పేది. ఇన్నేళ్లు చదివిన వేదాంతం ఎటు పోయిందో గానీ, ఆపద వేళకు అమ్మమ్మ మాటే పైకి తేలింది.

"స్వామీ, తీతువు కూస్తే కీడంటారు. నిజమేనా?" అని అడిగాడు.

అయ్యగారు చేతికర్ర అందుకుని బయల్దేరారు.

బాట మలుపు తిరిగేచోట నీళ్లు తగ్గి గులకరాళ్లు బయటపడ్డాయి. వాళ్లు అక్కడికి చేరారో లేదో, తీతువు గాల్లోకి లేచింది. నల్లటి గొంతు, కంటి పక్కన ఎర్రటి తోలు, పొడుగాటి పసుపు కాళ్లు. తలల మీదుగా గిరికీలు కొడుతూ గొంతు చించుకుని అరవసాగింది. సూరి ఫోను తీసి చూసుకున్నాడు. ఏమీ లేదు. నడిచేకొద్దీ కూత హెచ్చింది. ఎదురుగా వస్తున్న ముసలాయన ఒకాయన ఆగిపోయి, "ఈ పూట ఎవులికి మూడిందో ఏటో!" అని చెంపలు వేసుకుని వెనక్కి మళ్లాడు. ఆ మాటతో సూరికి ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది.

"ఇది నా వెంటే పడింది స్వామీ! దీన్ని తోలేస్తే గానీ నాకు మనసు నిలవదు" అంటూ బాట దిగి రాళ్లలోకి గబగబా నడిచాడు. పిట్ట అతని ముఖం మీదికే దూకింది.

"ఛీ, నీ నోరు పడిపోను! మా గౌరి జోలికి రాకే!" అని అరిచి, వంగి, చేతికందిన రాయి తీశాడు.

రాయి వెచ్చగా ఉంది.

ఇంకా ఎండ ఎక్కలేదు, చుట్టూ రాళ్లన్నీ చల్లగానే ఉన్నాయి. సూరి చెయ్యి అలాగే ఆగిపోయింది. అరచేతిలోకి చూసుకున్నాడు. మట్టిరంగు పెంకు మీద నల్లటి మచ్చలు. కాలి బొటనవేలి పక్కనే అలాంటివి మరో మూడు గుడ్లు. గూడంటూ ఏమీ లేదు, ఉత్త నేల. ఇంకొక్క అడుగు వేసి ఉంటే వాటి మీదే పడేది.

"కంగారు పడకు. దాన్ని మెల్లిగా అక్కడే పెట్టి, వచ్చిన దారినే వెనక్కి రా" అన్నారు అయ్యగారు.

ఇద్దరూ కానుగచెట్టు చాటుకు వచ్చి నిలబడ్డారు. పిట్ట అరుపు మాని దూరాన వాలింది. నాలుగడుగులు వేసి ఆగింది. అటూ ఇటూ చూసి మళ్లీ కదిలింది. సూరి కొమ్మ పక్కకు తప్పించి తొంగిచూశాడు. మనిషి చెయ్యి తగిలిందని గుడ్లు వదిలేస్తుందేమో! గౌరి కోసం పడుతున్న బెంగకు ఇప్పుడు ఇదొకటి తోడైంది. పిట్ట ఇక గుడ్ల మీద కూర్చోబోతుందనగా అతని జేబులో ఫోను గొల్లుమంది.

"సూరీ, ఆడపిల్ల పుట్టింది! తల్లీ పిల్లా బాగున్నారు!" అన్నాడు బావ.

సూరి గట్టు దద్దరిల్లేలా కేక పెట్టాడు. చెట్టుచాటు నుంచి ఒక్క గెంతు గెంతి బాట మీదికి వచ్చాడు. పిట్ట మళ్లీ ఎగిరింది, మళ్లీ అదే కూత. సూరికిప్పుడు అది పట్టలేదు. కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ గురువుగారి వైపు తిరిగాడు.

"చూశారా స్వామీ! కీడూ లేదు, గీడూ లేదు. వారం రోజులు ఊరికే హడలిపోయాను. ఏదో పిచ్చిపిట్ట, తోచక అరుస్తోంది!"

అయ్యగారు తలెత్తి, పైన గిరికీలు కొడుతున్న తీతువునే చూస్తున్నారు.

"తల్లీ పిల్లా బాగున్నారు, చాలా సంతోషం నాయనా" అన్నారు. "పాపం, ఈ పిట్టే పొద్దున్న ఎవరి మొహం చూసి లేచిందో!"