పడిందన్న పటం

జయచంద్ర దగ్గర అన్నిటికీ జవాబు ఉండేది. అదే అతనితో వచ్చిన చిక్కు.

హుసేన్ పీరా మాస్టారు దగ్గర ఫోటోలు తీయడం నేర్చుకోవడానికి చేరి ఏడాదైనా కాలేదు. మాస్టారు ఏదైనా చెప్పబోతే, అది ఎందుకలా అవుతుందో అతనే ముందు చెప్పేసేవాడు. మాస్టారు వినేవారు, తలూపేవారు, తన పనిలో పడేవారు.

మాస్టారిది ప్రొద్దుటూరులో ఒక ఇరుకు స్టూడియో. బజారంతా డిజిటల్ కెమెరాలు వచ్చేసినా ఆయన రీలు కెమెరా వదల్లేదు. కొత్త జలాశయం కింద మునిగిపోబోయే ఊళ్లు తిరుగుతూ, ఇంటి ముందు ఇంటివాళ్లను నిలబెట్టి బొమ్మ తీసేవారు. కడిగి ఆ ఇంటివాళ్లకే ఇచ్చేవారు. అలా తీయమని ఆయన్ని ఎవరూ అడగలేదు.

చేతులు వణకడం మొదలయ్యాక కెమెరాను జయచంద్ర చేతిలో పెట్టారు.

ఆ కెమెరా అడుగున బరువైన గ్రిప్ ఒకటి బిగించి ఉండేది. అందులో ఆరు పెన్సిల్ సెల్లులు వేస్తేనే కెమెరా నడిచేది. మాస్టారు కొత్త సెల్లులు కొని వేసేవారు, అయిపోతే తీసి పారేసేవారు. సంచిలో మరో ఆరు ఎప్పుడూ ఉండేవి.

"ఇంత చెత్త దేనికి మాస్టారూ? ఛార్జింగ్ పెట్టుకునేవి ఉన్నాయి కదా," అని జయచంద్ర హైదరాబాదు నుంచి ఛార్జింగ్ సెల్లులు తెప్పించాడు.

అవి బాగానే పనిచేశాయి. రీలు మునుపటికన్నా చురుగ్గా తిరిగింది. ఒక్కటే తేడా. బ్యాటరీ అయిపోవస్తోందని చెప్పే గుర్తు కెమెరా మీది చిన్న తెరలో ఎప్పుడూ ఆరుతూ వెలుగుతూ ఉండేది.

"దాన్ని పట్టించుకోకూడదు మాస్టారూ. మామూలు సెల్లు ఒకటిన్నర వోల్టు ఇస్తుంది. ఇది ఇచ్చేది ఒకటీ పాయింట్ రెండే. అందుకే నిండుగా ఉన్నా కెమెరా అయిపోయిందనుకుంటుంది."

"మరి నిజంగా అయిపోతే?"

"తెలిసిపోతుంది."

సంచిలో ఉన్న ఆరు సెల్లులూ ఇక బరువు దండగని జయచంద్ర తీసి అల్మారాలో పెట్టేశాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. నెల పైగా కెమెరా బీరువాలోనే ఉంది.

వానలు తెరిపిచ్చాక తాళ్లకుంట నుంచి ఓబులమ్మ అనే ముసలామె కబురు పంపింది. ఊళ్లో ఇక మిగిలింది ఆమె ఇల్లొక్కటేనట. మర్నాడు దాన్నీ కొట్టేస్తారట. గడపలో నిలబడి ఒక్క పటం తీయించుకోవాలని ఉందట.

తెల్లారగానే జీపు మాట్లాడుకుని ఇద్దరూ వెళ్లారు. ఊరి వీధి మొత్తం రాళ్లకుప్పలే. జీపు పైనున్న ఆమె ఇంటిదాకా పోలేదు. మాస్టారి మోకాళ్లు ఆ రాళ్ల మీద నడవనివ్వవు. ఆయన జీపులోనే ఉండిపోయారు. జయచంద్ర ఒక్కడే పైకెక్కాడు.

ఇంటి పక్కన జేసీబీ ఆగి ఉంది. దాని నీడలో కూర్చుని డ్రైవరు బీడీ కాలుస్తున్నాడు.

"రాండి సార్. పొద్దున్నుంచి ఆపమని అవ్వ ఒకటే బతిమలాడతాంది. సాయంత్రం దాకా నాకేం తొందర్లేదు, నిదానంగా తీసుకోండి," అన్నాడు.

బండలతో కట్టిన ఇల్లు. పెళ్లయిన కొత్తలో ఓబులమ్మా ఆమె భర్తా వంకలోంచి ఒక్కో బండా మోసుకొచ్చి కట్టుకున్నది. ఆయన పోయి చాన్నాళ్లయింది. ఆమె గడపకు పసుపు రాసి, మంచి చీర కట్టుకుని ఉంది.

జయచంద్ర కెమెరా తీశాడు. గుర్తు ఆరుతూ వెలుగుతోంది. ఎప్పుడూ ఉండేదేగా అనుకున్నాడు.

ఓబులమ్మ ఒక చెయ్యి ద్వారబంధానికి ఆనించింది. కొంగు సవరించుకుంది. నవ్వనా వద్దా అన్నట్టు చూసి, చివరికి నవ్వింది.

అతను మీట నొక్కాడు. గ్రిప్‌లోంచి సన్నగా ఒక మూలుగు వినిపించింది. తెర ఆరిపోయింది.

సెల్లులు తీసి, తుడిచి, మళ్లీ వేశాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ కెమెరా కంటికి ఆనించుకుని నొక్కాడు. ఏమీ లేదు. ఓబులమ్మ ఆ నవ్వు చెదరనివ్వకుండా అలాగే నిలబడి ఉంది. చేతిఫోన్లతో బొమ్మలు తీసే కాలం ఇంకా రాలేదు. సెల్లులు దొరికే అంగడి మండల కేంద్రంలో ఉంది. జీపులో వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. ఆ మాట చెప్పాలంటే ముందు కెమెరా ఆగిపోయిందని చెప్పాలి. డ్రైవరుకు చెప్పాలి. కింద మాస్టారికి చెప్పాలి.

"పడిందా నాయనా?" అంది ఓబులమ్మ.

"పడిందవ్వా."

ఆమె గడప దిగింది. వంగి దాన్ని తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకుంది. డ్రైవరు వైపు తిరిగింది.

"ఇంగ కానీ నాయనా," అంది.

జీపు దగ్గరికి వచ్చేసరికి వెనక బండలు కూలుతున్న చప్పుడు.

"అయిందా?" అన్నారు మాస్టారు.

"అయింది మాస్టారూ."

రీలు కడిగినప్పుడు మాస్టారికి తెలిసింది. వానలకు ముందు తీసిన బొమ్మలున్నాయి. ఆ తర్వాత ఖాళీ ఫిల్ము.

మాస్టారు దాన్ని లైటుకు పట్టి చూశారు. జయచంద్ర చెప్పడం మొదలుపెట్టాడు. ఈ సెల్లులు వాడకుండా ఉంచినా లోపల ఛార్జి దానంతటదే పోతుందని, నెల దాటితే చాలావరకు మిగలదని, తప్పు వాటిదేనని, ఇక మామూలువే వాడదామని చెప్పుకుపోయాడు. మాస్టారు చివరిదాకా విన్నారు.

"సెల్లులు మంచివే. అవే వాడదాం," అన్నారు. "అయిపోయిందని కెమెరా చెప్పిందా?"

"ఆ గుర్తు ఎప్పుడూ..."

"ఆ రోజు చెప్పిందా?"

"చెప్పింది."

"ఆమెకు నువ్వేం చెప్పావు?"

జయచంద్ర తల వంచుకున్నాడు. "పడిందన్నాను."

మాస్టారు డార్క్‌రూములోకి వెళ్లారు. ఆ ఖాళీ ఫిల్మునే పెట్టి, మంచి కాగితం మీద పెద్ద సైజులో ప్రింటు వేశారు. ఖాళీ ఫిల్ముకు కాగితం మీద వచ్చేది నలుపే. దాన్ని కడిగి, ఆరబెట్టి, అంచులు సమంగా కత్తిరించి, అందరి బొమ్మల్లాగే కవరులో పెట్టి, మీద ఓబులమ్మ పేరు రాశారు.

"తీసుకెళ్లి ఇవ్వు."

"ఆమె బాధపడుతుంది మాస్టారూ."

"ఆమెకు ఆ బాధ నువ్వు పెట్టి వారమైంది. ఆమెకింకా అందలేదు, అంతే."

ఊరి వాళ్లకిచ్చిన కొత్త కాలనీలో రేకుల గది ముందు కూర్చుని ఉంది ఓబులమ్మ. అతన్ని చూడగానే లేచి, తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని కవరు అందుకుంది. పక్కింటామెను కేకేసింది, "మా ఇంటి పటం తెచ్చినాడు, రా," అని.

బయటికి తీసి చూసింది. తిప్పి వెనకా చూసింది. ఎండలోకి జరిగి మళ్లీ చూసింది.

"నాకు కండ్లు ఆనట్లేదేమో నాయనా. ఇల్లు యాడుంది ఇందులో?"

జయచంద్ర చెప్పాడు. కెమెరా ఆగిపోయిందన్నాడు. పడిందని తాను అబద్ధమాడానన్నాడు.

పక్కింటామె వచ్చినట్టే వెనక్కి వెళ్లిపోయింది. ఓబులమ్మ ఆ నల్ల కాగితం కవరులో పెట్టి అతనికి తిరిగిచ్చేసింది.

"పడిందంటివని కదా నాయనా, నేను ఆ డ్రైవరును కానీమంటి," అంది. గదిలోకి వెళ్లి రేకు తలుపు వేసుకుంది.

అతను చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తలుపు తెరుచుకోలేదు.

తిరిగొచ్చేసరికి మాస్టారు ఛార్జరులోంచి సెల్లులు తీసి గ్రిప్‌లో వేస్తున్నారు.

"ఏమంది?"

జయచంద్ర ఆమె మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. సెల్లులు వేస్తున్న మాస్టారి చెయ్యి ఆగింది.

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేకపోయాను మాస్టారూ."

మాస్టారు గ్రిప్ మూత బిగించి, కెమెరా అతని ముందు పెట్టారు.

"జవాబు లేకుండా నిలబడటం ఇవాళ వచ్చింది నీకు," అన్నారు. "అది ఆ రోజు ఆమె గడప ముందే నీకు వచ్చి ఉండాల్సింది."