తోడుపోయిన తిప్పక్క

అనగా అనగా, మన తాతల తాతలకు ఇంకా మీసాలు రాని కాలంలో, రాళ్ళనేలలో ఒక ఊరుండేది. దాని పేరు బండమీదపల్లె. పేరుకు తగ్గట్టే ఊరంతా ఒక పెద్ద రాతిబండ మీద ఉండేది. బండ మీద గడ్డి మొలవదు, బావి పడదు. నీళ్ళు కావాలంటే బండ దిగి కిందనున్న దిగుడుబావికి పోవాల్సిందే.

ఆ ఊళ్ళో తిప్పక్క అని ఒక మనిషి ఉండేది. ఆమె మొగుడు చిన్నవయసులోనే పాము కరిచి పోయినాడు. పిల్లలు లేరు. పొలం లేదు. ఉన్నదల్లా ఒక కొట్టం, మూడు కుండలు, గట్టి మెడ. ఊళ్ళో బాలింతలకు, జబ్బుపడినవాళ్ళకు, నడుం వంగిన ముసలివాళ్ళకు తిప్పక్కే నీళ్ళు మోసిపెట్టేది. వాళ్ళు ఇంత సంకటి పెడితే తినేది. ఇన్ని గింజలు పోస్తే కొంగున కట్టుకునేది.

పొద్దున దిగేది, ముంచేది, ఎక్కేది. మధ్యాహ్నం దిగేది, ముంచేది, ఎక్కేది. పొద్దుగూకే ముందు ఇంకోసారి దిగేది, ముంచేది, ఎక్కేది.

ఊళ్ళో కొందరికి నోరు ఊరుకోదు కదా. "ఊరందరికీ నీళ్ళు పోసింది గానీ, పాపం, తాను మాత్రం నీళ్ళోసుకోలేదు" అనేవాళ్ళు. తిప్పక్క వినేది. విని, కుండ దించి, చుట్టకుదురు సర్దుకొని, ఇంకో ఇంటికి పోయేది.

ఇట్లుండగా ఆమె ఒంట్లో ఒక తేడా వచ్చింది. నెలకొకసారి రావాల్సింది నెలలో రెండుసార్లు వచ్చింది. తర్వాత వచ్చింది పోవడమే మానేసింది. పొత్తికడుపులో రాయి పెట్టినట్టు బరువు. తిప్పక్క ఎవరికీ చెప్పలేదు. ముదురు రంగు చీరలే కట్టడం మొదలుపెట్టింది. చీర ఎందుకు తడిసిందని ఎవరన్నా అడిగితే, కుండ తొణికింది అనేది.

అత్తిపత్తి ఆకు నూరి మింగింది. తగ్గలేదు. ఎల్లమ్మకు ముడుపు కట్టింది. తగ్గలేదు. నడుముకు తాయెత్తు కట్టించుకుంది. తగ్గలేదు.

ఒకరోజు బావిమెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. కుండ పగిలింది. నీళ్ళతోపాటు నెత్తురూ మెట్ల మీద పారింది. అక్కడున్న ఆడవాళ్ళు ఆమెను మంచం మీద మోసుకొచ్చి, మంత్రసాని ఓబుళవ్వను పిలిచినారు.

ఓబుళవ్వ ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డనూ చేత్తో పట్టిన మనిషి. వచ్చి తిప్పక్క పొత్తికడుపు మీద అరచెయ్యి పెట్టింది.

"ఎన్నాళ్ళనుంచి మే?"

"మొన్న మొన్ననే అవ్వా."

"నా చేతికి అబద్ధం చెప్పొద్దు."

తిప్పక్క గోడవైపు తిరిగింది. "చానా ఏండ్లాయె."

ఓబుళవ్వ చెయ్యి తీసి, చీర సర్ది, పక్కనే కూర్చుంది. "లోపల గడ్డ ఉండాది. ఎలక్కాయంత. బిడ్డయితే నేను తీస్తా. ఇది నా చేతిపని కాదు. పట్నంలో ఆడోళ్ళకని ఆసుపత్రి పెట్టినారంట. పోదాం."

అట్లా ఇద్దరూ ఎద్దులబండిలో పట్నం పోయినారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసింది. చూసి, దాచకుండా చెప్పింది.

"గర్భసంచి నిండా గడ్డలున్నాయి. సంచి తీసేయాలి. లేకపోతే నెత్తురు పోయి పోయి ఒకరోజు మనిషే పోతుంది."

తిప్పక్క పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకొని అడిగింది.

"అది నాకు ఒక బిడ్డనన్నా ఇయ్యలేదు తల్లీ. అయినా అది నాదే గదా. తీసేస్తే నేనెవరు?"

"నువ్వు తిప్పక్కవే" అంది డాక్టరమ్మ. "నీ మనసు ఉండేది దాంట్లో కాదు. కానీ ఇప్పుడే కొయ్యలేను. నీ ఒంట్లో నెత్తురు లేదు, తట్టుకోలేవు. ఇంటికి పోయి నెత్తురు పట్టేటట్టు తిను. ఈ మాత్రలు వేసుకో. బరువు మొయ్యొద్దు. ఒంటికి బలం వచ్చినాక రా. తోడు మనిషిని తెచ్చుకో."

తిప్పక్క ఊరికి తిరిగొచ్చింది. ఇంతకాలం నీళ్ళు పోసిన ఇండ్లకు పోయి, ఇక కొన్నాళ్ళు రాలేనని చెప్పాలనుకుంది.

మొదటి ఇంట్లో ముసలామె అంది, "సంచి తీసేస్తే ఇంక ఆడదానివి ఎట్లయితావే?"

రెండో ఇంటామె అంది, "ఎండిన సొరబుర్ర అయిపోతావు. గాలేస్తే కొట్టుకొని పోతావు."

మూడో ఇంట్లో కోడలు సాకమ్మ గడపలో నిలబడి ఉంది. తిప్పక్క ముఖం వైపు చూసి, తల దించుకొని లోపలికి పోయింది.

ఆ దినంనుంచి ఓబుళవ్వ తన కుండతోపాటు చాప తెచ్చి తిప్పక్క కొట్టంలో వేసుకుంది. పొద్దున రాగిసంకటి, మునగాకు పప్పు. మధ్యాహ్నం ఉలవచారు. సాయంత్రం నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన ఉండ. తిప్పక్క వద్దంటే ఓబుళవ్వ వినేది కాదు. "నీ నోటికి కాదు, నీ నెత్తురుకు పెడతాండా" అనేది. మెల్లగా తిప్పక్క గోళ్ళకు ఎరుపు వచ్చింది. పెదవులకు రంగు వచ్చింది.

మళ్ళీ పట్నం బయల్దేరే ముందు తిప్పక్క కొట్టం అలికింది. బరువు మొయ్యొద్దన్నారని, చిన్న ముంతతో కొంచెం కొంచెంగా నీళ్ళు తెచ్చి, ఇంట్లో ఉన్న కుండలన్నీ నింపింది. తిరిగొచ్చినాక తెచ్చే దిక్కు లేదని ఆమెకు తెలుసు.

ఆసుపత్రి మంచం మీద కూర్చొని ఆమె ఓబుళవ్వ చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, నాకు మెలకువ రాకపోతే?"

"వస్తాదిలే" అంది ఓబుళవ్వ. "రాకుంటే నేను ఊరికెట్ల పోయేది? బండి ఎక్కడ దొరుకుతాదో కూడా నాకు తెలీదు."

తిప్పక్క నవ్వింది. నవ్వుతుండగానే తీసుకుపోయినారు.

మెలకువ వచ్చింది. నొప్పి కూడా వచ్చింది. దగ్గు వస్తే కుట్లు ఊడుతాయేమో అనిపించింది. ఓబుళవ్వ దుప్పటి మడిచి పొత్తికడుపు మీద అదిమి పట్టుకోమనింది. అట్లా పట్టుకొని దగ్గింది. రెండోరోజు డాక్టరమ్మ లేపి నడిపించింది. తిప్పక్క గోడ పట్టుకొని నడిచింది. ఒక్కో అడుగుకూ పళ్ళు బిగపట్టింది.

మూడోరోజు ఆమె డాక్టరమ్మను అడిగింది. "దాన్ని నాకు ఒకసారి చూపిస్తావా తల్లీ?"

డాక్టరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. పోయి, తెల్లటి గిన్నెలో పెట్టి తెచ్చి చూపించింది. తిప్పక్క చూసింది. పిడికిలంత సంచి, దాని చుట్టూ గడ్డలు.

"ఇంతేనా" అంది. "దీనికా ఇన్నాళ్ళూ నన్ను గొడ్రాలన్నారు."

చేతులెత్తి దానికి దండం పెట్టింది. అప్పుడు ఏడ్చింది.

ఓబుళవ్వ డాక్టరమ్మను అడిగి ఆ గిన్నె తీసుకుంది. "ఊళ్ళో ప్రతి బిడ్డ మాయనూ నేనే పూడ్చినా. దీన్ని కూడా నేనే పూడుస్తా" అంది. ఒక కొత్త పిడత తెచ్చి, పసుపు చల్లి, పట్నం బయట ఏటి ఒడ్డున పూడ్చింది. పైన ఒక రాయి పెట్టి వచ్చింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది. "మూడు పున్నములు దాటేదాకా కుండ ఎత్తొద్దు. వంగి ఊడ్చొద్దు. గొంతుకూర్చొని బట్టలు ఉతకొద్దు. అట్లని పడుకునే ఉండొద్దు, రోజూ ఇంత నడువు. జ్వరమొచ్చినా, మళ్ళీ నెత్తురు కనిపించినా ఆగకుండా నా దగ్గరికి రా."

బండిలో జొన్నచొప్ప మెత్తగా పరిచి, దుప్పటి వేసి, ఎద్దులను మెల్లగా నడిపించుకుంటూ వచ్చినారు.

ఇంట్లో నింపిపెట్టిన నీళ్ళు కొన్నాళ్ళు వచ్చినాయి. తర్వాత ఒక కుండ అడుగంటింది. తర్వాత ఇంకొకటి. తర్వాత మూడోది. ఓబుళవ్వకు బండ దిగడానికి మోకాళ్ళు రావు. దిగి ఒక చెంబు తెచ్చినా, ఎక్కేసరికి సగం ఒలికిపోయేది.

"పోయి ఎవర్నన్నా అడుగుతా" అంది ఓబుళవ్వ.

"అడగొద్దవ్వా. ఇన్నాళ్ళూ పోసిన చేతిని చాపలేను."

ఊరివాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఎవరి పనిలో వాళ్ళున్నారు. ఎవరికి జబ్బు చేసినా తిప్పక్క నీళ్ళు తెస్తుందని అలవాటు. తిప్పక్కకే జబ్బు చేస్తే ఎవరు తేవాలో ఎవరికీ తట్టలేదు.

ఒక పొద్దున ఓబుళవ్వ కునుకు తీస్తుంటే తిప్పక్క చిన్న కుండ తీసుకొని బయటికి నడిచింది. బండ దిగింది. బావిలో కుండ ముంచింది. ఎక్కబోయి, పై మెట్టు దగ్గర కడుపు పట్టుకొని కూర్చుండిపోయింది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. బావి దగ్గరున్న ఆడవాళ్ళు కుండలు దించి చూసినారు.

కర్ర పోటేసుకుంటూ ఓబుళవ్వ వచ్చింది. ఆమె ఎవర్నీ తిట్టలేదు. మొదటి ఇంటి ముసలామెను చూసి అడిగింది, "నీ మొగుడు మంచాన పడితే నీళ్ళు తెచ్చిందెవరు?"

ముసలామె నేల చూసింది. "తిప్పక్కే."

రెండో ఇంటామెను అడిగింది, "నీ పురుడప్పుడు తెచ్చిందెవరు?"

"తిప్పక్కే."

మూడో ఇంటి సాకమ్మను అడగనక్కర లేకపోయింది. ఆమె అప్పటికే వచ్చి తిప్పక్క చేతిలోని కుండ తీసి నెత్తిన పెట్టుకుంది. ఇంకో చెయ్యి తిప్పక్క భుజం కింద వేసి లేపింది. ఇద్దరూ మెల్లగా బండ ఎక్కినారు.

సగం దారిలో, ఎవరికీ వినపడని చోట, సాకమ్మ ఆగింది.

"అక్కా, నాకూ అట్లనే అయితాండాది. నెత్తురు ఆగల్యా. ఎవురికీ చెప్పలేదు."

తిప్పక్క ఆమె చీర చూసింది. ముదురు రంగు చీర.

"నాకు చెప్పినావు గదా" అంది. "ఇంక భయం ల్యా."

ఆ మధ్యాహ్నం ముసలామె తన కోడలితో ఒక కుండ పంపింది. సాయంత్రం రెండో ఇంటామె తానే ఒక కుండ తెచ్చి పోసిపోయింది. మరుసటి రోజునుంచి తిప్పక్క కుండలు ఎండలేదు.

మొదటి పున్నమికి ఆమె గడప దాటి నడిచింది. రెండో పున్నమికి బావిదాకా ఉత్త చేతులతో పోయి వచ్చింది. మధ్యలో కొన్నిరోజులు ఎందుకో తెలియకుండా ఏడుపు వచ్చేది. ఎవరి ఇంట్లోనో పసిబిడ్డ ఏడిస్తే తిప్పక్క కూడా ఏడ్చేది. ఓబుళవ్వ పక్కన కూర్చునేది గానీ, ఏడవద్దని ఒక్కసారి కూడా అనలేదు. మూడో పున్నమికి తిప్పక్క లేత పసుపురంగు చీర కట్టుకొని వీధిలోకి వచ్చింది. ఊరివాళ్ళు ఆమెను అంత లేతరంగులో ఎన్నో ఏండ్లుగా చూడలేదు.

తర్వాత ఆమె సాకమ్మతో పట్నం పోయింది. ముందుగా సాకమ్మ అత్తతో మాట్లాడింది. తన కుట్టు చూపించింది. "ఇదిగో, బతికే ఉండా గదా" అంది. అత్త ఒప్పుకుంది. సాకమ్మకు మెలకువ వచ్చేసరికి తిప్పక్క ఆమె పాదాలు పట్టుకొని కూర్చుని ఉంది.

సాకమ్మ తర్వాత ఇంకొకామె. ఆమె తర్వాత పొరుగూరామె. తిప్పక్క అందరితోనూ పోయేది. పోయేముందు సంకటి తినిపించేది. అక్కడ పాదాల దగ్గర కూర్చునేది. వచ్చినాక చేతిలో కుండ లాక్కునేది. ఒకామె చాలా ఆలస్యంగా చెప్పింది. ఆమె తిరిగి నడిచి రాలేదు. ఆ బండిలో శవం పక్కన తిప్పక్క ఊరిదాకా కూర్చునే వచ్చింది. తానే స్నానం చేయించింది. ఆ తర్వాత ఆమె బావి దగ్గర ఆడపిల్లలందరికీ చెప్పేది. "దాచొద్దు. మీ అమ్మకు చెప్పలేకపోతే నాకు చెప్పండి."

ఓబుళవ్వ పోయింది. కాలం గడిచింది. తిప్పక్క వెంట్రుకలు తెల్లబడినాయి. ఒక ఎండాకాలం పొద్దున ఆమె కూడా నిద్రలోనే పోయింది.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళు శ్మశానందాకా పోయే ఆచారం లేదు. ఆరోజు పోయినారు. కుట్లున్న ఆడవాళ్ళందరూ పోయినారు. సాకమ్మ ముందు నడిచింది. మగవాళ్ళు అడ్డం చెప్పలేదు. తలా ఒక పిడికెడు మన్ను వేసి వచ్చినారు.

ఇది జరిగి ఎంతకాలమైందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు బండ మీదికి కుళాయి వచ్చింది. అయినా ఆ ఆపరేషన్ చేయించుకొని ఒక ఆడమనిషి ఇంటికొస్తే, మూడు పున్నములదాకా ఇరుగుపొరుగు వాళ్ళు తలా ఒక బిందె తెచ్చి ఆ ఇంట్లో పోస్తారు. కుళాయి ఉంది కదా అంటే, "ఉంటే ఉండనీ" అంటారు. వచ్చినవాళ్ళు కూర్చుంటారు, ఎట్లుందని అడుగుతారు.

ఆసుపత్రికి తోడుపోయే మనిషిని ఆ పక్క ఊళ్ళన్నిటిలో తిప్పక్క అనే పిలుస్తారు. అక్క పోతే అక్కే తిప్పక్క. కోడలు పోతే కోడలే తిప్పక్క. మొగుడు పోతే అతనూ తిప్పక్కే, ఎవరూ నవ్వరు. ఎవరికన్నా ఆపరేషన్ చెయ్యాలని తెలిసినరోజు పెద్దామెలు వచ్చి మొదట అడిగే మాట ఒకటే. "నీకు తిప్పక్క ఎవరమ్మా?"

ఎవరూ లేరని ఆమె అంటే, అడిగినామె చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చుంటుంది.