శరణన్న చిలుక

ఏడు సముద్రాలకు ఇవతలి ఒడ్డున, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, చిత్రకేతుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు. ముగ్గురనేవాళ్లూ ఉన్నారు, మూడోవాడి పేరడిగితే మాత్రం నీళ్లు నములుతారు. పెద్దవాడు రణకేతుడు, చిన్నవాడు వసంతుడు.

ఆ దేశంలో అమ్మవారి ఆజ్ఞ ఒకటి ఉంది: శరణన్న ప్రాణిని చంపకూడదు.

"దుర్మార్గుడు శరణన్నా వదలాలా? ఎవరిని కాపాడటానికిరా ఈ ఆజ్ఞ?" అనేవాడు రణకేతుడు.

"నాకూ తెలియదన్నా. అమ్మ చెప్పింది, వింటున్నాను," అనేవాడు వసంతుడు.

ఒకనాడు ఒక మాంత్రికుడు పొరుగు రాకుమారి కువలయను ఎత్తుకుపోయాడు. ఆమెను తెస్తానని వెళ్లిన రణకేతుడు మూడేళ్లయినా రాలేదు. అన్నను వెతుకుతూ వసంతుడు బయలుదేరాడు.

ఒక ముసలి తాబేలు అతణ్ణి వీపు మీద ఎక్కించుకుంది. "మాంత్రికుడి ప్రాణం పంజరంలో చిలుకలో ఉంది నాయనా. మీ అన్నకూ ఇదే చెప్పాను. కదలకు, నాకు చక్కిలిగింత," అంది. మూడో సముద్రంలో పాటలు పాడే చేపల సంగతి ఎత్తుకుంటే ఈ కథ ముందుకు సాగదు, వదిలేద్దాం.

ఏడో సముద్రం అవతల ఒక దీవి. అలలు ఒడ్డుకు తగులుతున్నాయి, చప్పుడు లేదు. ఎండ కాస్తోంది, చెట్లకు నీడ లేదు. కోటలో కువలయ కళ్లు తెరుచుకునే నిద్రపోతోంది. నల్ల ముసుగు వేసుకున్న మాంత్రికుడు కుర్చీలోంచి కదల్లేదు.

వసంతుడు పంజరంలో చెయ్యి పెట్టి చిలుక మెడ పట్టుకున్నాడు.

"శరణు," అంది చిలుక.

"నొక్కు," అన్నాడు మాంత్రికుడు మెల్లగా.

"శరణు."

"నొక్కు బాబూ. అలసిపోయాను."

"శరణు," అంది చిలుక మూడోసారి, పసిబిడ్డ గొంతుతో.

వీణ్ణి వదిలితే అన్న ఆచూకీ ఇక దొరకదేమో. అయినా వసంతుడు పట్టు సడలించాడు. "అమ్మా, నాకేమీ అర్థం కావడం లేదు. నీ మాటే వింటాను," అని చిలుకను బయటికి తీసి వదిలేశాడు.

అది ఎగిరి మాంత్రికుడి గుండె మీద వాలి, నీటిచుక్కలా లోపలికి ఇంకిపోయింది. ముసుగు జారింది. లోపల అన్న ముఖం.

"నేను మెడ విరిచేశానురా," అన్నాడు రణకేతుడు. "పాత మాంత్రికుడు చచ్చాడు. ఆ క్షణమే నా ప్రాణం చిలుకై పంజరంలో పడింది, నేనీ కుర్చీలో పడ్డాను. వాడూ ఒకప్పుడు నాలా వచ్చిన రాకుమారుడేనట. అమ్మవారు ఆ ఆజ్ఞ నాకోసం పెట్టిందిరా. నేను చిలుక కోసమనుకున్నాను."

కువలయ రెప్పలు ఆడించింది. "మీలో నాకోసం వచ్చిందెవరు?"

"నేను అన్నకోసం వచ్చాను," అన్నాడు వసంతుడు.

"అబద్ధమాడలేదు. అయితే నీతోనే వస్తాను," అందామె.

వాళ్ల పెళ్లి మూడు వారాలు జరిగింది. వసంతుడు అరవై ఏళ్లు చల్లగా ఏలాడు. శరణంటూ ఎవరు వచ్చినా, భటులకంటే ముందు రణకేతుడే పరుగెత్తుకెళ్లి తలుపు తీసేవాడు.