నాయుడి ద్వారబంధం, బంగారమ్మ పుట్ట

సాలూరు అవతల మెట్టవలసలో, ఏ నష్టం వచ్చినా పక్కవాళ్ల మీదికి తోసేసే చిన్నంనాయుడనే మనిషి ఉండేవాడు. ఎక్కడో పాత మేడ కూలగొడుతుంటే, చిలకలు చెక్కిన ద్వారబంధం తెచ్చి తన ఇంటికి పెట్టించుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేవాడు.

కొన్నాళ్లకు దాని కింద గసగసాల్లాంటి రవ్వ రాలడం మొదలైంది. చెక్క మీద తడితే డొల్ల చప్పుడు.

"చెదలు! ఆ బంగారమ్మ పొలం గట్టు మీది పుట్టలోంచే వస్తున్నాయి," అన్నాడు నాయుడు.

భార్య ఆదెమ్మ చీపురు ఆపింది. "గోడ మీద మట్టి దారి ఎక్కడైనా ఉందా? పుట్ట చెదలు మట్టి కప్పుకోకుండా ఇంత దూరం వస్తాయా? ఇవి నీ చిలకల్లోనే కాపరమున్నాయి. నువ్వే మోసుకొచ్చావు."

"నోర్ముయ్! చెదంటే చెదే. ఇవి వేరు, అవి వేరా?"

బంగారమ్మ ఒంటరి ఆడది. ఆమెకున్నది కాస్త మెట్టపొలం, దాని గట్టున ఓ పుట్ట. అందులో చెదలు ఎండుగడ్డీ, రాలిన ఆకులూ తెచ్చి, లోపల బూజు తోట పెంచుకునేవి. తొలకరి పడగానే ఆ తోటే పుట్టగొడుగులై పైకి లేచేది. వానాకాలమంతా ఆమె పొయ్యి వెలిగేది వాటితోనే.

ఆమె కూలికెళ్లిన రోజు చూసి నాయుడు పుట్టను గునపంతో తవ్వేశాడు. వేలంత లావు రాణిని బయటికి లాగి చంపాడు. గుంటలో మందు పోశాడు.

సాయంత్రం బంగారమ్మ వచ్చి గుండె బాదుకుంది. "నా పుట్ట నీ గుమ్మం తినడం నువ్వు చూశావా నాయుడూ?"

"చూసేదేటి? చెదజాతే దొంగజాతి!"

"అయితే మీ తాత ఒకప్పుడు మేకను దొంగిలించాడుగా, దానికి నిన్ను కట్టేసి కొట్టారా?"

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. నాయుడు మాత్రం తల దించలేదు.

వానలు పడ్డాయి. ఓ పొద్దున ఆదెమ్మ తలుపు లాగగానే ద్వారబంధం నిలువునా విరిగిపడింది. లోపల మట్టి చిటికెడు లేదు. చెక్కంతా గూళ్లు, గూళ్ల నిండా చెదలు. పుట్ట చచ్చినా ఇవి హాయిగా తింటూనే ఉన్నాయి.

తప్పు బయటపడేసరికి నాయుడు బండెడు మట్టి తోలుకెళ్లి బంగారమ్మ గట్టున పోశాడు. "ఇదిగో నీ పుట్ట. సరిపోయిందా?"

"మట్టి పోస్తే పుట్టవుతుందా?" బంగారమ్మ మండిపడింది. "గుడ్లు పెట్టే రాణేదీ? మేత తెచ్చే కూలోళ్లేరీ? కావలి కాసేవాళ్లేరీ? ఊరినే చంపేసి మన్ను తెచ్చిస్తావా? తీసుకుపో!"

ఆ ఏడు ఆ గట్టున ఒక్క గొడుగూ లేవలేదు. బంగారమ్మ మూట కట్టుకుని వలస కూలికి పోయింది.

పిల్లలూ, ఒకరు చేసిన తప్పుకు అదే జాతని ఇంకొకరి బతుకు కూల్చడం న్యాయం కాదు, దౌర్జన్యం; తర్వాత ఎంత మట్టి పోసినా ఆ గుంట పూడదు.