చిప్పులో మిగిలిన నంబరు

ధర్మవరంలో ఖాదర్‌వలీ సార్ దగ్గర శివలీల మూడేళ్లుగా ల్యాప్‌టాప్ రిపేరు నేర్చుకుంటోంది. మంచి చెయ్యి, మహా వేగం. ఆ వేగమే ఆ రోజు కొంప ముంచింది.

చౌడప్ప అని, పట్టుచీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీసే మనిషి. ఫ్యాను శుభ్రం చేయమని ల్యాప్‌టాప్ ఇచ్చిపోయాడు. శివలీల అది చేసి ఊరుకుందా? ల్యాప్‌టాప్‌ను నిద్రలేపే ప్రోగ్రాం, బయోస్, పాతబడిందని తెర మీద కనబడేసరికి, అదీ కొత్తది ఎక్కించి ఇస్తే సంబరపడతాడనుకుంది. ఎవరడిగారమ్మా నిన్ను! బ్యాటరీ ఉబ్బిందని అప్పటికే తీసి పక్కన పెట్టింది. ఆరు నిమిషాల పనికి బ్యాటరీ ఎందుకులే అని, కరెంటును నమ్ముకుని మొదలుపెట్టింది.

మూడో నిమిషంలో కరెంటు ఇలా పోయి అలా వచ్చింది. ల్యాప్‌టాప్ మాత్రం రాలేదు. నొక్కితే లైటు వెలుగుతుంది, తెర నల్లగానే ఉంటుంది.

 శివలీల దాచకుండా సార్‌కి అంతా చెప్పేసింది.

"టీ తాగినావా?" అన్నాడు ఖాదర్‌వలీ.

"ఇప్పుడు టీ ఏంది సార్! సాయంత్రానికి చౌడప్పన్న పెళ్లిచీర డిజైను మగ్గానికి పంపాల. ల్యాప్‌టాప్ కంపెనీ వాళ్ల ఫైలు దించినా. బయోస్ ఉండే చిప్పు మొత్తం తుడిచేసి ఇది రాసేస్తా. పది నిమిషాల్లో లేస్తాది."

"లేస్తాది. ఎవరిగా లేస్తాది?"

ఆమెకు అర్థం కాలేదు. ఆయన సొరుగులోంచి సన్నటి క్లిప్పు తీశాడు. బట్టలు ఆరేసే క్లిప్పులాగే ఉంటుంది, వెనక వైరు ఉంటుంది. చిప్పుకు తగిలిస్తే అందులో రాసున్నదంతా అంగట్లోని కంప్యూటర్లోకి వస్తుంది.

"ముందు చదువు."

"చెడిపోయినదాన్ని చదివేదేంది సార్?"

"చదువమ్మీ."

చదివింది. మొదట అంతా ఖాళీ. ఇంకా కిందికి పోయింది, ఖాళీయే. విసుగొచ్చి ఆపేయబోయింది. "ఇంకా కిందికి పో," అన్నాడాయన కుర్చీలోంచి కదలకుండా. సగం దాటాక అక్షరాలు మొదలయ్యాయి. వాటి మధ్య ఒక నంబరు. ల్యాప్‌టాప్ తిప్పి అడుగున స్టిక్కరు చూసింది. అదే నంబరు. చిప్పులో దాని పక్కనే, స్టిక్కరు మీద లేని పొడవాటి కోడు కూడా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. చౌడప్ప డిజైన్ల సాఫ్ట్‌వేరు ఈ మెషిన్ నంబరూ ఆ కోడూ చూసే తెరుచుకుంటుంది. ఆ సాఫ్ట్‌వేరు అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. తుడిచేసి ఉంటే ల్యాప్‌టాప్ లేచేది, ఆయన పదేళ్ల అంచులు మాత్రం ఇక తెరుచుకునేవి కావు.

మిగిలిన సగాన్ని జాగ్రత్తగా కొత్త ఫైల్లో కలిపింది. ఈసారి కంప్యూటరును బల్ల కింది పెద్ద బ్యాటరీకి తగిలించి, క్లిప్పుతో చిప్పులోకి రాసింది. తెర వెలిగింది.

సాయంత్రం చౌడప్ప వచ్చి నెమళ్ల అంచు తెరిచి చూసుకున్నాడు. జరిగింది శివలీలే చెప్పింది.

"ఫ్యాను తుడవమంటే ప్రాణం తీసినావు గదే తల్లీ!" అని గుండె పట్టుకుని, ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని పోయాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు కానీ శివలీలకు ముల్లులా గుచ్చుకుంది.

తన స్క్రూడ్రైవర్లన్నీ సంచిలో వేసుకుంది.

"యాడికి?"

"నాకీ పని రాదు సార్. మూడేళ్లు దండగ. రేప్పొద్దున్నుంచి మా అత్త చీరలంగట్లో కూచుంటా. మీరు నేర్పిందంతా బుర్రలోంచి తుడిచేస్తా." కళ్లనీళ్లు బొటబొటా రాలాయి.

 ఖాదర్‌వలీ లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బల్ల మీది క్లిప్పు తీసి చూపుడువేలి చివరకు తగిలించాడు.

"ముందు చదువమ్మీ."

శివలీల వేలికేసి చూసుకుంది. ఏడుపులోనే నవ్వొచ్చింది. క్లిప్పు తీయకుండానే, రెండో చేత్తో స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడన్నా టీ తాగుతావా?" అన్నాడు సార్.